మోకాలెత్తు గడప

మా ముత్తాత మూడు ఊళ్ళకు మాలీ పటేల్. నిజాం సర్కారుకు శిస్తు వసూలు చేసి పంపే హోదా అది. తండ్రి తర్వాత కొడుకుకు వచ్చేది. మా తాత తాలూకా కచేరీకి వెళితే, తహసీల్దారు లేచి నిలబడకపోయినా కుర్చీ మాత్రం వేయించేవాడు. నాన్న చేతికి వచ్చిన పటేల్‌గిరీ ఆయన చేతిలోనే రద్దయింది. అయినా ఆయన గడ్డం గీసుకోకుండా, ఇస్త్రీ బట్టలు కట్టుకోకుండా ఒక్కనాడూ వాకిట్లోకి రాలేదు. మనిషి చూడటానికి వచ్చేది పటేల్‌ను కాదు, పటేల్ ఇంటిని అనేవాడు.

మా భూముల్లో ఎక్కువ భాగం బండలే. మేకలు కూడా ఆ వైపు వెళ్ళేవి కావు. ఇవాళ ఆ బండలున్న చోట అద్దాల భవనాలు నిలబడ్డాయి. పటేల్‌ను ఎవరో మోసం చేసి రాయించుకున్నారని చుట్టాలు చెప్పుకుంటారు. మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. మేం అమ్మాం, వాళ్ళు కొన్నారు. జాలిపడటానికి వచ్చేవాళ్ళకు నేను ఇంతకంటే ఎక్కువ చెప్పను.

మిగిలింది కొండాపూర్ పాత ఊరి నడుమ ఉన్న ఇల్లు. దానికి ముందు పెద్ద దర్వాజ. ఇత్తడి బొడిపెలు తాపిన రెండు టేకు రెక్కలు, వాటి వెనక అడ్డంగా పెట్టే గడియ, కింద ఒకే దుంగతో చెక్కిన మోకాలెత్తు గడప. పైన దూలం కిందికి ఉంటుంది, కింద గడప ఎత్తుగా ఉంటుంది. లోపలికి రావాలంటే ఎంతటివాడైనా తల వంచి, కాలు ఎత్తాలి. ముత్తాత కావాలనే అలా పెట్టించాడట. ఆయన భార్య మాత్రం ఆ గడపను ఎన్నడూ కాలితో దాటలేదు. దూలం కింద నుంచి పట్టేంత చిన్న మేనా ఒకటి ఆమె కోసమే చేయించారు. ఆమె లోపలే ఎక్కి కూర్చుంటే బోయీలు ఎత్తి గడప దాటించేవాళ్ళు. నలుగురు మోస్తుంటే వెళ్ళడం మా ఇంట్లో గౌరవం. నడిచి వెళ్ళడం మామూలు మనుషుల పని.

నాన్నకు నేనొక్కదాన్నే. అందుకని ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చారు. సంగారెడ్డి అవతల ఒక పల్లె ఆయనది. ముగ్గురన్నదమ్ముల్లో నడిమివాడు. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా ఇంటికి సమానం కాని సంబంధమే. కానీ మా ఇంటికి సమానమైనవాళ్ళు ఇల్లరికం రారు.

కొత్త కోడలు గడప మీది బియ్యం చెంబును కాలితో తోసి లోపలికి వస్తుంది కదా, మా పెళ్ళిలో ఆడవాళ్ళు ఆ చెంబును ఆయన ముందు పెట్టారు. లోపల నేను, బయట ఆయన. "పెండ్లిబిడ్డ అత్తగారింటికొచ్చింది. కుడికాలు ముందుగాల పెట్టు, సిగ్గుపడకు!" అని ఒకటే నవ్వులు. ఆయన చెంబు వంక చూశాడు.

"బియ్యాన్ని కాలుతోని తన్నాల్నా? మా అమ్మ జూస్తే నన్ను తంతది" అని వంగి, చెంబును రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, కుడికాలు ముందు పెట్టి గడప దాటాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆ పూట నాన్న అల్లుడి పక్కన కూర్చుని భోంచేశాడు.

అప్పటి నుంచి పొద్దున్నే దర్వాజ తెరవడం ఆయన పని. ఎవరూ చెప్పలేదు. తనంతట తానే పెట్టుకున్నాడు. ఆ గడియ మగవాళ్ళకే బరువు. దాన్ని ఎత్తి గోడకు ఆనించి, రెక్కలు రెండూ బార్లా తీసి, వాకిలి వైపు చూసి "పటేలమ్మా, తెల్లారింది. నీ రాజ్యం జూస్కో" అనేవాడు. రాజ్యమంటే ఎదురుగా మగపిల్లల హాస్టలు, దాని పక్కన ఇడ్లీ బండి, వెనక ఆకాశానికి అడ్డంగా ఒక ఆఫీసు భవనం. నన్ను పేరుతో పిలవడం ఆయనకు రాలేదు. 'పటేలమ్మా' అన్న పిలుపులో మొదట్లో వెక్కిరింపు ఉండేది. తర్వాత అదే నా పేరైంది.

నిరుడు వానాకాలంలో ఒక పొద్దున ఒక రెక్క తెరిచిన చప్పుడు వినిపించింది, రెండోది వినిపించలేదు. వెళ్ళి చూస్తే గడపకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. గడియ పక్కన పడి ఉంది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట పోయాయి. దవాఖానలో కొన్నాళ్ళకు మాట మెల్లగా తిరిగి వచ్చింది. వచ్చిన మొదటి మాట, "పటేలమ్మా, నా కుడిచెయ్యి యాడ పడ్డదో జర చూడు."

"ఇక్కడే ఉంది. నా చేతిలోనే ఉంది" అన్నాను.

"మంచిది. ఆడనే ఉండనియ్యి."

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. నవ్వించగలిగిన మనిషి లేచి నిలబడగలడనుకున్నాను.

ఇంటికి తీసుకువచ్చిన రోజు అంబులెన్సు సందు మొదట్లో ఆగిపోయింది. సందులోంచి ఇంటి దాకా, ఇంటి ముందు ఆ గడప మీదుగా ఆయనను ఎలా తేవాలా అని నేను ముందే ఆలోచించి పెట్టాను. లోపలి నుంచి తాతగారి చేతుల కుర్చీ తెప్పించాను. ఆఫీసు భవనం దగ్గర సెక్యూరిటీ చేసేవాళ్ళను నలుగురిని అడిగితే వచ్చారు. ఆయన భుజాల చుట్టూ నాన్న శాలువా కప్పాను. నలుగురు నాలుగు కోళ్ళు పట్టి ఎత్తారు. నేను ముందు నడిచి, బైకులు పక్కకు జరపమని చెప్పాను. హాస్టలు మెట్ల మీద పిల్లలు ఫోన్లు దించి లేచి నిలబడ్డారు. ఇడ్లీ బండి దగ్గరి ముసలమ్మ చేతులు జోడించింది. మా ఇంటిని ఇంకా గుర్తు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారని నాకు సంతోషమైంది. పడిపోయిన నా భర్తకు, మా ఇంట్లో అల్లుడిగా అడుగు పెట్టినవాడికి, మా ముత్తవ్వకు జరిగిన మర్యాదే జరుగుతోందనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలసట అనుకున్నాను.

ఆ తర్వాత దవాఖానకు వెళ్ళాల్సిన ప్రతిసారీ అలాగే ఎత్తించాను, అలాగే దింపించాను. కొన్నిసార్లు అయ్యాక ఆయన "ఇగ నేను రాను" అన్నాడు. ఎందుకని అడిగితే గోడ వైపు తిరిగాడు. వ్యాయామాలు చేయించడానికి ఒక అమ్మాయి ఇంటికే రావడం మొదలుపెట్టింది. గోదావరి వైపు పిల్ల, చలాకీ.

"బాబాయిగారూ, ఇవాళ తలుపు దాకా నడుద్దామండీ."

"తలుపు దాకా పోయి ఏం జెయ్యాలె తల్లీ? దండం పెట్టుకోని వాపసు రావాల్నా?"

"తలుపు దాకా వచ్చేస్తే తర్వాత గడప దాటేద్దామండీ. అదే మన టార్గెట్టు."

"ఆ గడప నా పెండ్లప్పుడు ఒక్కసారి సరిగ్గ దాటిన. జన్మకు అది చాలు."

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. కాలు మోకాలి దాకా లేవని మనిషికి మోకాలెత్తు గడప గోడతో సమానం. కొద్ది రోజుల్లో ఆయన తలుపు దాకా నడవడం కూడా మానేశాడు. నాతో మాటలు తగ్గాయి. "నీళ్ళు" అనేవాడు. "చాలు" అనేవాడు. 'పటేలమ్మా' అనడం ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియలేదు, ఆగిపోయాక తెలిసింది. అన్నం కలిపి నోట్లో పెడుతుంటే కళ్ళు నా చేతి మీదే ఉండేవి, ముఖం మీద కాదు. పొద్దున గడియ ఎత్తే పని నాకు పడింది. నేను దానితో కుస్తీ పడే చప్పుడు మంచం దాకా వినిపిస్తుంది. ఆ సమయంలో ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

జబ్బు మనిషిని పడేస్తుందని అందరికీ తెలుసు. ఇద్దరి మధ్య ఉన్నదాన్ని అది ఎలా తింటుందో నాకు ఆ రోజుల్లో తెలిసింది. గొడవ లేదు, కోపం లేదు. ఇద్దరం ఒకరికొకరు మర్యాదగా ఉండటం మొదలుపెట్టాం.

ఒక మధ్యాహ్నం మా పెద్దనాన్న కూతురు ఫోన్ చేసింది. చెవికి దూరంగా పెట్టినా వినిపించే గొంతు ఆమెది. "ఇల్లరికమొచ్చినోడు ఇంటికి అండ ఉండాలె గాని, ఇల్లే ఆయనకు అండ గావాల్నానే? వాళ్ళన్నదమ్ములు లేరా? తీస్కపోమను. నువ్వు పటేలింటి బిడ్డవు, గిట్ల అరిగిపోతవా?" నేను జవాబు చెప్పకుండా పెట్టేశాను. అలాంటి మాటలకు జవాబు చెప్పడం మా ఇంట్లో లేదు. మంచం మీద ఆయనకు వినిపించింది, నేను జవాబు చెప్పకపోవడం కూడా వినిపించింది.

ఆ వారంలోనే ఆయన అన్న వచ్చాడు. నేను పిలవలేదు. ఈయనే ఎడమచేత్తో ఫోన్ నొక్కి పిలిపించుకున్నాడు. బావగారు ఎప్పుడు వచ్చినా మా ఇంట్లో కుర్చీ మీద కూర్చోడు, వసారా అరుగు మీద కూర్చుంటాడు. ఆ రోజూ అక్కడే కూర్చుని, చేతిలో చాయ్ చల్లారిపోతుంటే చెప్పాడు.

"అమ్మా, తమ్మున్ని తీస్కపోతనంటున్న. కోపానికి రావద్దు. వాడే రమ్మన్నడు."

"ఎందుకట?"

"వాన్నే అడుగు."

లోపలికి వెళ్ళాను. బావగారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందే అనుకుని పెట్టుకున్నట్టు మెల్లగా, ఒక్కొక్క మాట చెప్పాడు.

"ఇంటికి మొగదిక్కు గావాలని మీ నాయిన నన్ను తెచ్చుకున్నడు. దర్వాజ తెరిచే నౌకరి కూడ పోయింది. ఇగ నేను ఏం లెక్కల ఈడ ఉంట?"

"మిమ్మల్ని ఎవరేమన్నారు?"

"ఎవ్వరేం అనలే. సందుల నుంచి మోస్కపోతరు, మోస్కొస్తరు. అందరు లేచి నిలబడ్తరు. ఆ ఇడ్లీ అవ్వ దండం బెట్టె."

"మర్యాద కాదా అది? నాన్న శాలువా కప్పి, తాత కుర్చీలో... మా ముత్తవ్వ అలాగే మేనాలో వెళ్ళేది."

ఆయన నన్ను చాలా రోజుల తర్వాత సూటిగా చూశాడు.

"మీకు అది మేనా. మా ఇండ్లల్ల నలుగురు మోసేది ఒక్కసారే. అవ్వ పాడెకు దండం బెట్టింది. నేను కండ్లు మూస్కుంటి, ఎట్లున్నా శవం లెక్కనే ఉన్నగద అని."

గుమ్మం దగ్గర బావగారు తలదించుకున్నాడు. ఆయనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. కొత్తగా తెలిసింది నాకే.

"ఆదివారం జీపు తెస్తనమ్మా" అని బావగారు గడప దాటి వెళ్ళిపోయాడు.

వెళ్ళవద్దని అప్పుడే అనవచ్చు. అనలేదు. మా ఇంటి ఆడవాళ్ళు ఎవరినీ ఉండమని బతిమాలరు. నాన్న పోయేటప్పుడు కూడా అమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడింది తప్ప ఒక్క మాట అడగలేదు. నాకు ఆ వెన్నెముకే వచ్చింది. దాన్ని వంచడం నాకు చేతకాదు. పని చేయడం చేతవుతుంది.

శుక్రవారం పొద్దున పసుపు, కుంకుమ పట్టుకుని గడప దగ్గర కూర్చున్నాను. ప్రతి శుక్రవారం చేసే పనే. పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గు గీత లాగాను. లేవబోతూ గడప మీద చెయ్యి వేసి, దాని ఎత్తు నా మోకాలితో కొలిచి చూశాను. చిన్నప్పుడు దీని మీద కూర్చుంటే నాయనమ్మ వీపు మీద కొట్టేది. దాన్ని ఎవరూ తొక్కకూడదు, దాని మీద తుమ్మకూడదు, దాని మీద నిలబడి మాట ఇవ్వకూడదు. ఒక మనిషిని దవాఖానకు వెళ్ళనివ్వకుండా కూడా చేయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

లోపలికి వెళ్ళి ఆయనతో అన్నాను, "గడప తీయిస్తున్నాను."

"ఏంది?"

"గడప. దాంతో పాటు దర్వాజ మొత్తం వస్తుందట. వడ్రంగిని రమ్మన్నాను. నేలకు సమానంగా సిమెంటు వాలు పోస్తారు. ఎడమచేత్తో తెరిచే తేలిక తలుపు పెడతారు."

"గడపను తీస్తరా ఎవరన్న? ఫికర్ల పడి పిచ్చిలేసిందా నీకు? మీ ముత్తాత కల్లకొస్తడు."

"రానివ్వండి. ఈసారి తల వంచకుండా వస్తాడు."

ఆయన పెదవి ఎడమవైపు వణికింది. అది నవ్వని నాకు తెలుసు, కుడివైపుకు ఇంకా రావడం లేదంతే.

"ఆదివారం నేను పోతగద. నా కోసం తీసుడెందుకు?"

"వెళితే మీ కాళ్ళతో వెళ్ళండి. మా ఇంటి నుంచి మిమ్మల్ని ఇంకెవరూ మోయరు."

కుంకుమ భరిణె తీసుకుని బయటికి వచ్చేశాను.

వడ్రంగి, ఆయన మనుషులు ఆ రోజే వచ్చారు. తీసే ముందు గడపకు కొబ్బరికాయ కొట్టాను. దుంగ బయటికి వచ్చినప్పుడు దాని కింద ఉన్న మట్టి మెత్తగా, చల్లగా ఉంది. రెక్కలు సందులో గోడకు ఆనించి పెడితే హాస్టలు పిల్లలు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఇంటికి ముందు పళ్ళూడిన నోరు లాంటి ఖాళీ మిగిలింది. నేను దాని వైపు చూడకుండా సిమెంటుకు నీళ్ళు చల్లుతూ గడిపాను. శనివారం గోదావరి పిల్ల వచ్చి, తడి ఆరని వాలు చూసి, "అమ్మో, టార్గెట్టే లేపేశారండీ!" అంది. ఆ రోజు ఆయన ఎవరూ పిలవకుండానే తలుపు ఉన్న చోటి దాకా నడిచాడు. సిమెంటు ఆరలేదని అక్కడే ఆగిపోయాడు.

ఆదివారం జీపు వచ్చింది, అంబులెన్సు పట్టని సందులోకి దూరి ఇడ్లీ బండి అవతల ఆగింది. ఆయన బట్టల సంచీ నేనే సర్దాను. ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగి గుండీలు పెట్టాను. చేతికర్ర అందించాను. గడ్డం ముందే గీశాను. పటేల్ ఇంటి నుంచి మాసిన గడ్డంతో ఎవరూ బయటికి వెళ్ళలేదు. బావగారు సాయం చేయడానికి ముందుకు వస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఎడమచేతిలో కర్ర, కుడికాలు నేల మీద ఈడుస్తూ, వాలు దిగి వాకిట్లోకి వెళ్ళాడు. వాకిలి దాటాడు. నేను లోపల స్తంభం దగ్గర నిలబడ్డాను. ఆయన వెళ్ళే దారి నేనే చదును చేసి ఇచ్చానని అప్పుడు తట్టింది. గడప ఉంటే మోయకుండా ఆయన కదలలేకపోయేవాడు. ఇప్పుడు ఎటు కావాలంటే అటు వెళ్ళగలడు. స్తంభాన్ని పట్టుకున్నాను, మా అమ్మ మంచం కోడును పట్టుకున్నట్టు.

ఇడ్లీ బండి అవ్వ గరిటె కింద పెట్టి చూసింది. "అయ్యో, లేచి తిరుగుతున్నవా పటేలా! మొన్న నిన్ను జూసి నేను పరేషానై ఏడ్చిన. ఒక ఇడ్లీ తినిపో."

"వాపస్ వచ్చేటప్పుడు తింట అవ్వా" అన్నాడు.

వాపస్. ఆ మాట నేనూ విన్నాను, బావగారూ విన్నాడు.

జీపు దాకా వెళ్ళి, దాని మీద ఎడమచెయ్యి ఆనించి కాసేపు ఊపిరి తీసుకున్నాడు. బావగారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కుతవా ఏంది?"

"అన్నా, నేను నడుస్తనా లేదా చూద్దామని వచ్చిన. ఇగ నువ్వు లోపల్కి వచ్చి తిని పో. పటేలమ్మ వంట చేసింది, పొద్దుగాల నుంచి వాసనొస్తుంది."

అన్నదమ్ములిద్దరూ వెనక్కి తిరిగి వచ్చారు. ఆయన వాలు ఎక్కి, ఇదివరకు గడప ఉన్న గీత దగ్గర ఆగాడు. కొత్త సిమెంటు మీద పొద్దున నేను పెట్టిన బొట్లు ఉన్నాయి. చెమటతో ముఖం మెరుస్తోంది. లోపల నేను, బయట ఆయన.

"పటేలమ్మా, కుడికాలు ముందుగాల పెట్టాల్నా?"

"ఏది వస్తే అది పెట్టండి" అన్నాను.

ఎడమకాలు ముందు పెట్టి లోపలికి వచ్చాడు. బావగారు ఆ రోజు మొదటిసారి మా ఇంట్లో తాతగారి కుర్చీలో కూర్చున్నాడు. అదొక్కటే ఆయన కూర్చోవడానికి అందుబాటులో ఉంది, మిగతావాటి మీద బట్టల సంచీ, శాలువా ఉన్నాయి. ముగ్గురం ఒకేసారి భోంచేశాం. నేను ముద్ద కలిపి పెడితే ఈయన తమ్ముడై తిన్నాడో, అల్లుడై తిన్నాడో నాకు తెలియదు. అన్న ముందు నోరు తెరిచి తిన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే తేలిక తలుపు ఆయనే ఎడమచేత్తో తెరుస్తాడు. చప్పుడు రాదు. అందుకని కొంచెం గట్టిగా పిలుస్తాడు.

పెద్ద దర్వాజ రెండు రెక్కలూ, ఇత్తడి బొడిపెలూ, అడ్డగడియా, గడప దుంగతో సహా, మాదాపూర్‌లో కొత్తగా కడుతున్న ఒక హోటలు వాళ్ళకు అమ్మేశాం.